నిలబడితే వణికే కారు

"ముట్టుకోకంటే ముట్టుకోకు! ముందా పానా కింద పెట్టు!"

దుర్గారావు కేక వీధి చివర కిరాణా కొట్టు దాకా వినిపించే ఉంటుంది. వాకిట్లో బానెట్ ఎత్తి ఉన్న తెల్ల కారు ముందు తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. భావన పానా కింద పెట్టలేదు సరిగదా, రెండో చేతిలోకి మార్చుకుని చున్నీ నడుముకి బిగించి కట్టింది.

వంటింటి గుమ్మంలో తల్లి వెంకటరత్నం అట్లకాడతో నిలబడిపోయింది. వెనక పెనం మీద దోసె మాడుతున్న వాసన వస్తోంది. మాడితే మాడనీ అనుకుంది. ఇక్కడ అంతకంటే పెద్దది మాడేలా ఉంది.

"పదిగంటలకి యుగంధర్ వస్తన్నాడు. కారు ఉన్నది ఉన్నట్టు అమ్మేస్తానని మాటిచ్చినాను. డీజిలు పంపు పోయిందని సెప్పే ఇచ్చినాను. ఇప్పుడు నువ్వు నట్లన్నీ ఊడదీసి కుప్పపోస్తే ఆడికేటి మొహం సూపించాలి?"

"అసలు పంపు పోయిందని ఎవరన్నారు నాన్నా?"

"ఉమేష్ అన్నాడు. పండరీ రోడ్డంతా వెతుకు, ఆడిని మించిన డీజిల్ మిస్త్రీ ఉన్నాడేమో!"

"ఉమేష్ భయ్యా బానెట్ కూడా ఎత్తలేదు. పాన్ నములుతూ పొగ చూశాడు, 'పంప్ గయా' అనేశాడు. అంతే. నువ్వు సరే అని యుగంధర్ మావకి ఫోన్ చేసేశావు. నన్నొక్క మాట అడిగావా?"

దుర్గారావు అడగలేదు మరి.

రేపు సోమవారం. పొద్దున్న ఆరున్నరకి దేవేంద్ర నగర్ మలుపులో నలుగురు టీచరమ్మలు భావన కోసం ఎదురుచూస్తూ ఉంటారు. వాళ్ళని ఆరంగ్ బడికి చేర్చి, సాయంత్రం మళ్ళీ తీసుకురావాలి. ఆ ఒప్పందం నమ్ముకునే భావన ఫోన్ల దుకాణంలో ఉద్యోగం వదిలేసింది. పర్మిటు కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసింది. అన్నీ అయ్యాక, ఇరవై రోజుల కిందట, కారుకి ఈ వణుకు పట్టుకుంది. పరిగెడితే బాగానే ఉంటుంది. నిలబడితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతుంది. ఒక్కోసారి ఆగిపోతుంది కూడా.

వెంకటరత్నానికి మాత్రం పదిగంటలు తొందరగా అవ్వాలని ఉంది. ఆ మాట పైకి అనలేదుగానీ యుగంధర్ వస్తాడని రాత్రి విన్నప్పుడు దేవుడి గూటి వైపు తిరిగి దణ్ణం కూడా పెట్టుకుంది. ఆరంగ్ రోడ్డంటే మాటలా? బొగ్గు లారీలు, సిమెంటు లారీలు, కళ్ళు మూసుకుని తోలే డ్రైవర్లు. బ్రేకు ఫెయిలయితే? టైరు పేలితే? రోడ్డు మధ్యలో ఆగిపోతే, వెనక లారీవాడు చూసుకోకపోతే? ఒక్కొక్క 'తే' దగ్గరా ఆవిడ గుండె ఆగి ఆగి కొట్టుకుంటుంది. ఆ కారు వెళ్ళిపోతే పీడ పోతుంది.

"నాన్నా, ఇప్పుడు ఎనిమిదింపావు. పది దాకా నాకు వదిలెయ్యి. దొరక్కపోతే తాళం నేనే మావ చేతిలో పెడతాను."

దుర్గారావు గడియారం చూసుకున్నాడు. కూతుర్ని చూశాడు.

"పదికి ఒక్క నట్టు నేలమీద కనిపించిందా, సూడు మరి" అని గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. వెళ్ళిపోలేదు. వెంకటరత్నం అది గమనించింది. మనిషికి కోపమొస్తే వీధిలోకి పోతాడు. మెట్టు మీద కూర్చున్నాడంటే చూడాలని ఉందన్నమాట.

భావన సెల్ఫ్ కొట్టింది. కారు దగ్గి, తెల్లటి పొగ వదిలి, వణకడం మొదలుపెట్టింది. వాకిట్లో తులసికోట మీద పెట్టిన రాగిచెంబు కూడా దాంతోపాటు టకటకలాడింది.

"అమ్మా! ఇలా రా. ఈ పెడలు మీద కాలు పెట్టి నేను చెప్పినప్పుడు కొంచెం తొక్కు."

"నాను తొక్కాలా? ఓలమ్మ! అది ముందుకి దూకిపోతే?"

"న్యూట్రల్లో ఉంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంది. చక్రాలకి ఇటుకలు కూడా పెట్టాను. ఎటు దూకుతుంది?"

"పేలితే?"

"డీజిల్ కారు పేలదమ్మా."

"పేలదని ఎవడైనా కాయితం రాసిచ్చాడా?"

మెట్టు మీంచి దుర్గారావు లేచాడు. "దాన్నేటి అడుగుతావు? అది గ్యాసు పొయ్యి వెలిగించడానికి కూడా దేవుడికి సెప్పుకుంటది. తప్పుకో, నాను తొక్కుతాను." చెప్పులు విడిచి, డ్రైవరు సీట్లోకి దూరాడు. ఆయనకి తెలియకుండానే ఆయన పార్టీ మారిపోయింది.

"తొక్కు నాన్నా. ఆ... వదిలెయ్. చూశావా? తొక్కితే నున్నగా ఉంది, వదిలేస్తే వణుకు. పంపే పోతే తొక్కినప్పుడు ఇంత బాగుంటుందా?"

"ఒక ఇంజెక్టరు సచ్చిందేమో."

"అదే చూద్దాం."

ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లకి నాలుగు సన్నటి ఇనుప గొట్టాలు. మొదటిదాని నట్టు భావన పావు చుట్టు వదులు చేసింది. బుస్సుమని డీజిలు చిమ్మి, ఇంజను చప్పుడు ఒక్కసారి కిందికి దిగిపోయింది. బిగించింది. మళ్ళీ లేచింది. "ఒకటోది పనిచేస్తోంది. ఆపితే తేడా తెలిసిందంటే అది బతికి ఉన్నట్టు." రెండోది వదులు చేసింది. దిగింది. మూడోది. దిగింది.

వెంకటరత్నం అట్లకాడని గుండెకి ఆనించుకుని చూస్తోంది. నలుగురు పిల్లల్లో ఎవరికి జ్వరమో ఒక్కొక్కరి నుదురూ ముట్టుకుని చూస్తున్నట్టుంది అది. నాలుగోదానికి తేడా రాకూడదని కోరుకోవాలా, రావాలని కోరుకోవాలా తెలియక ఊరికే ఊపిరి బిగబట్టింది.

నాలుగోది కూడా దిగింది.

"నాలుగూ బతికే ఉన్నాయి!" భావన గట్టిగా అరిచింది.

"మరింకేటి, పంపే" అన్నాడు దుర్గారావు లోపల్నుంచి, కొంచెం నీరసంగా.

"లేదంటే గాలి. డీజిల్లో ఎక్కడో గాలి కలుస్తోంది."

ఆ మాటతో దుర్గారావు కార్లోంచి బయటికి ఉరికాడు. "గాలా? గాలి సంగతి నాకు సెప్తావేటే గుంటా! ముప్ఫై మూడేళ్ళు రైల్వే వ్యాగన్ షాపులో బ్రేకు పైపులు కట్టినాను. మైలు పొడుగు గూడ్సులో ఎక్కడ గాలి పోతందో నా సెవి సెప్పేది. రత్నం! గిన్నెలు తోమే సబ్బు, మగ్గుడు నీళ్ళు. జల్దీ!"

వెంకటరత్నం పరుగెత్తింది. ఎందుకు పరుగెత్తుతోందో ఆవిడకే తెలియలేదు. కారు బాగుపడకూడదని కదా తన కోరిక?

దుర్గారావు నురగ చేసి, పాత గెడ్డం బ్రష్షుతో ప్రతి పైపుకీ, ప్రతి మూలకీ పూశాడు. షాపులో సూపర్‌వైజరు వెనకే నిలబడి ఉన్నట్టు శ్రద్ధగా పూశాడు. ముగ్గురూ తలలు వంచి చూశారు. ఒక్క బుడగ లేవలేదు.

"సూసినావా? గాలి లేదు, గీలి లేదు. పైపులన్నీ పక్కా."

భావన పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందని తల్లికి తెలుసు. "నాన్నా, రైలు పైపులో గాలి బయటికి తోసుకొస్తుంది. అందుకే బుడగ. ఈ పైపు టాంకీ నుంచి డీజిలు లోపలికి పీలుస్తుంది. పీల్చే నోటికి సబ్బు పూస్తే బుడగ ఊదుతుందా? సబ్బు తాగేస్తుంది."



దుర్గారావు బ్రష్షు వంక చూశాడు. మగ్గు వంక చూశాడు. ముప్ఫై మూడేళ్ళ పనితనం ఆ మగ్గులో నురగలా కూర్చుని ఉంది. ఇప్పుడేదో అరుస్తాడని వెంకటరత్నం అనుకుంది. ఆయన అరవలేదు. మగ్గులో నీళ్ళు తులసికోట పక్కన పారబోసి, "మరి పీల్చేదాన్ని ఎలా పట్టుకుంటావు?" అన్నాడు. చాలా మెల్లగా.

అలా అడగడం ఆవిడ ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఎన్నడూ వినలేదు.

భావన ఇంట్లోకి పరుగెత్తి కూలర్ వెనక దూరింది. నీళ్ళ మోటారుకి తగిలించిన పారదర్శకపు ప్లాస్టిక్ పైపు పీక్కొచ్చింది. ఇంజను ఆపి, ఫిల్టరుకీ పంపుకీ మధ్య ఉన్న నల్ల పైపు తీసి, ఆ చోట దాన్ని తొడిగి క్లిప్పులు బిగించింది. "ఇప్పుడు డీజిలు ఏం మోసుకొస్తోందో మన కళ్ళతోనే చూడొచ్చు."

సెల్ఫ్. దగ్గు. వణుకు.

పైపులో లేత పసుపు డీజిలు కదిలింది. దాని వెనకే ఒక బుడగ. ఇంకొకటి. తర్వాత గోలీ సోడా కొట్టినట్టు వరసగా, గుంపుగా, తోసుకుంటూ.

"ఓలమ్మో!" అంది వెంకటరత్నం.

"ఓరి దీని!" అన్నాడు దుర్గారావు.

భావన నూనె చేత్తో తండ్రి భుజం మీద దబ్బున చరిచింది. తెల్ల బనీను మీద ఐదు వేళ్ళూ పడ్డాయి.

"ఫిల్టరుకి ముందే గాలి చేరుతోందన్నమాట. టాంకీ నుంచి ఫిల్టరు దాకా ఉన్నది ఇనుప గొట్టం, చివర ఈ జానెడు రబ్బరు పైపు. అంతే. ఈ రెండింట్లోనే ఉంది దొంగ."

తొమ్మిదీ ఇరవై అయింది.

భావన వేలు రబ్బరు పైపు మీద మెల్లగా పాకుతోంది. వెంకటరత్నం ఆ వేలినే చూస్తోంది. ఇంకో అంగుళం. ఇంకో అర అంగుళం. వేలు ఆగింది.

"ఇక్కడేదో చుట్టి ఉంది. నాన్నా, నువ్వు కట్టావా?"

దుర్గారావు వంగి చూశాడు. గ్రీజు, మసి పట్టి నల్లగా బిగిసిన కట్టు. "నాను కట్టలేదు. ఇదివరకెప్పుడో ఉమేష్‌గాడో, ఇంకెవడో కట్టుంటాడు. గట్టిగానే ఉంది. కదపకు, ఒగ్గీ. ముందా ఇనప గొట్టం సంగతి సూడు."

"సరే" అని భావన కారు కిందికి దూరడానికి గోనెసంచి పరిచింది.

వెంకటరత్నం నోరు తెరవకపోతే చాలు. గొట్టం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతికేసరికి పది అవుతుంది. యుగంధర్ వస్తాడు. కారు పోతుంది. ఆరంగ్ రోడ్డు మీద ఏ లారీవాడు ఎలా తోలుకున్నా తనకి పనిలేదు. నలభై నిమిషాలు ఊరుకుంటే చాలు, ఇంక జన్మంతా నిద్రపడుతుంది.

కారు కింద నుంచి భావన గొంతు వినిపిస్తోంది. "టార్చ్ ఇటు నాన్నా... ఇటు... ఇక్కడ బాగానే ఉంది... దొరుకుతుంది, దొరుకుతుంది చూడు." చిన్నప్పుడు లెక్క చిక్కు విప్పేటప్పుడు కూడా ఇలాగే తనలో తాను మాట్లాడుకునేది. ఆ గొంతు ఈ మధ్య ఆ పిల్ల నోట వినలేదు. ఫోన్ల దుకాణంలో ఉన్నన్నాళ్ళూ వినలేదు.

"అది నాను కట్టినాను."

టార్చ్ లైటు ఆగిపోయింది.

"ఏది?" అన్నాడు దుర్గారావు.

"పైపుకి. ఆ కట్టు. దుర్గ గుడిలో ఇచ్చిన ఎర్రదారం. ఏడు చుట్లు." వెంకటరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కారు వణకడం మొదలైన వారం మంగళారం కట్టినాను. నలభై రోజులు ఉంచమన్నాడు పంతులు. ఇంకా ఇరవయ్యో రోజే."

"ఇంజన్లో దారమా!" దుర్గారావుకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "లోకంలో ఆడాళ్ళు స్టీరింగుకి కడతారు, అద్దానికి కడతారు..."

"అక్కడ కడితే మీరిద్దరూ కలిసి నవ్వరా? నీళ్ళు పొయ్యడానికి బానెట్ ఎత్తి భావన లోపలికెళ్ళింది. అప్పుడు కట్టేసినాను. అదొక్కటే మెత్తగా, సెయ్యిలా ఉంది. మణికట్టుకి కట్టినట్టు కట్టినాను."

భావన కారు కింద నుంచి జారి బయటికొచ్చింది. తిడుతుందనుకుంది తల్లి. పిల్ల కళ్ళు మెరిసిపోతున్నాయి.

"మంగళవారమా? అమ్మా, సరిగ్గా చెప్పు. మంగళవారమేనా?"

"మంగళారమే. ఏం?"

"మంగళవారం నుంచి శనివారం దాకా కారు వణకలేదు! నేనే అన్నాను కదా, దానంతటదే తగ్గిపోయిందని! మళ్ళీ ఆదివారం మొదలయింది!" భావన లేచి నిలబడింది. "దానంతటది కాదు. దారం బిగువుగా ఉన్న ఐదు రోజులూ గాలి లోపలికి పోలేదు. తర్వాత డీజిలుకి నాని వదులైంది. విప్పాలి!"

చెయ్యి వెయ్యబోయింది. వెంకటరత్నం ఆ మణికట్టు పట్టుకుంది.

"నీ సేత్తో వద్దు. మొక్కు నీ కోసమే కట్టినాను. నువ్వు విప్పితే..." తర్వాతి మాట ఆవిడ నోటికి రాలేదు. నోట అంటే జరిగిపోతుందని భయం.

ముగ్గురూ నిలబడిపోయారు. కారు వణుకుతూనే ఉంది.

"నానే విప్పుతాను" అంది వెంకటరత్నం చివరికి.

ఆవిడ కొంగు బిగించి, ఇంజను ఫ్యాను ఇటువైపు ఉందా అటువైపు ఉందా అని రెండుసార్లు అడిగి, గాజులు మోచేతి దాకా తోసుకుని వంగింది. "అమ్మా తల్లీ, కోప్పడకు" అని గొణిగి ముడి లాగింది. ఒక చుట్టు విప్పింది. రెండు. మూడో చుట్టుకి ఇంజను వణుకు పెరిగింది. నాలుగోదానికి తులసికోట మీది చెంబు గలగలలాడింది. ఐదు. ప్లాస్టిక్ పైపులో బుడగలు నురగ కట్టాయి. ఆరు.

ఏడో చుట్టు ఊడి వచ్చింది. కారు ఒక్కసారి ఎగిరిపడి, గుక్క తిప్పుకోలేక ఆగిపోయింది.

"సంపేసినాను! ఓలమ్మో, సంపేసినాను!" వెంకటరత్నం దారం చేత్తో పట్టుకునే ఏడుపు మొదలెట్టింది.

"దొరికింది!" భావన తల్లిని వాటేసుకుని గిరగిరా తిప్పింది. "చంపలేదే పిచ్చి అమ్మా, పట్టించావు! చూడు, చూడు!" పైపుని వంచింది. క్లిప్పు పక్కనే, వెంట్రుకంత పగులు నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ దారం దాన్ని సగం మూసి ఉంచింది, పూర్తిగా కనపడకుండా కూడా చేసింది.

భావన కత్తెర కోసం చూసేలోపే దుర్గారావు తన పాత చాకు తీశాడు. "జరుగు. వంకరగా కోస్తే మళ్ళీ గాలి పట్టేస్తది. కోత సూటిగా పడాల." పగిలిన అంగుళం ముక్క ఒక్క వేటులో కోసి పక్కన పడేశాడు. మిగిలిన పైపు లాగితే అందింది. నోటితో ఊది చూసి, తొడిగి, కొత్త క్లిప్పు బిగించాడు. షాపు వదిలిన ఆరేళ్ళ తర్వాత ఆ వేళ్ళు మళ్ళీ వేళ్ళయ్యాయి.

భావన ఫిల్టరు మీది చేతిపంపు నొక్కుతూ పోయింది. ప్లాస్టిక్ పైపులో బుడగలు పలచబడ్డాయి. విడివిడిగా అయ్యాయి. ఆఖరి బుడగ ఒక్కటే తేలుతూ వచ్చి, వంపు తిరిగి మాయమైంది.

సెల్ఫ్. పట్టలేదు.

ఇంకోసారి. పట్టలేదు. వెంకటరత్నం కళ్ళు మూసుకుంది.

మూడోసారి పట్టింది. అలా పట్టి, అలా కూర్చుండిపోయింది చప్పుడు. నున్నగా, ఒకే దారిలో, రుబ్బురోలు తిరిగినట్టు. దుర్గారావు వంటింట్లోంచి స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇంజను మూత మీద పెట్టాడు. చుక్క కూడా ఒలకలేదు.

 

"బావా! ఇదేనా పంపు పోయిన కారు?"

యుగంధర్ గేటు దగ్గర స్కూటరు దిగుతున్నాడు. పది అవడానికి ఇంకా పది నిమిషాలుంది. దేవేంద్ర నగర్‌లో ఆరు కార్లు అద్దెకి తిప్పే మనిషి, చెవి చాలా పదునైనది. చుట్టూ తిరిగి, గ్లాసు వంక చూసి, మీసం దువ్వుకున్నాడు. "పంపు మార్చుకోవాలని వచ్చాను. ఇదేమో పెళ్ళికూతురిలా ఉంది. నా అదృష్టం. తాళం ఇలా ఇవ్వు బావా."

భావన తండ్రి వైపు చూసింది. దుర్గారావు ఎవరి వైపూ చూడలేదు.

"మాటిచ్చినాను" అన్నాడు నేల చూస్తూ. "మాట మాటే."

భావన సీటు మీదుగా తాళం కోసం చెయ్యి చాపింది. ఇచ్చిన మాట ఎవరిదైనా నిలబెట్టే పిల్లే అది కూడా. తండ్రి పోలిక.

"మీరు మాటిచ్చింది పంపు పోయిన కారుకి కదండీ" అంది వెంకటరత్నం.

ముగ్గురూ తిరిగి చూశారు. ఆవిడ ఆగలేదు. "ఈ కారుకి పంపు పోలేదు. మీరు ఇస్తానన్న కారు ఇది కాదు. అది ఎక్కడుందో తమ్ముడే వెతుక్కోవాల."

యుగంధర్ పకపకా నవ్వాడు. "అక్కా, నువ్వు కోర్టులో ఉండాల్సిందానివి. సరే. వాకిట్లో అందరూ బుద్ధిమంతులే. ఇంజను వేడెక్కాలి, నలుగురు ఎక్కాలి, రోడ్డు మీద నిలబడాలి. పండరీ చౌరస్తా దాకా పోదాం. ఎర్రలైటు దగ్గర ఒక్క వణుకు వణికినా తాళం నాది. వణక్కపోతే కోడలి కారు కోడలిదే. ఒప్పుకుంటావా బావా?"

దుర్గారావు కూతుర్ని చూశాడు. భావన తలాడించింది.

"పద" అన్నాడాయన. గ్లాసూ, చక్రాల దగ్గరి ఇటుకలూ తీసి, బానెట్ దింపాడు.

వెనక సీట్లో మగవాళ్ళిద్దరూ కూర్చున్నారు. వెంకటరత్నం ముందు తలుపు తీసింది. ఆవిడ ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. ప్రమాదమైతే ముందు పోయేది ముందువాళ్ళేనని ఆవిడ లెక్క. కూర్చుంది.

ఆదివారం బట్టల బజారు రద్దీ. రిక్షాలు, మూటలు, హారన్లు. చౌరస్తాకి ఇంకా పది గజాలుండగానే ఎర్రలైటు పడింది. పక్కన అంకెలు వెలిగాయి. తొంభై.

కారు నిలబడింది.

ఎనభై ఐదు. ఎనభై. ఎడమవైపు ఒక లారీ వచ్చి ఆనుకుని నిలబడింది. మామూలప్పుడైతే వెంకటరత్నం ప్రాణం అక్కడే పోయేది. ఇప్పుడావిడకి లారీ కనపడలేదు. అరికాళ్ళతో వింటోంది. నున్నగానే ఉంది. డెబ్బై. అరవై.

యాభై రెండు దగ్గర వెనక నుంచి యుగంధర్ ముందుకి వంగాడు.

"ఉక్కగా ఉందమ్మా కోడలా. ఏసీ వెయ్యి."

దుర్గారావు "ఒరేయ్" అని ఆగిపోయాడు. ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పడుతుందని వెనక కూర్చున్న ఇద్దరికీ తెలుసు. భావనకి తెలుసు. ఆ పిల్ల చెయ్యి స్టీరింగు మీంచి లేవలేదు. ఇంకా యాభై సెకన్లు.

"వెయ్యనా, వద్దా అమ్మా?" అంది, తల తిప్పకుండా, ఊపిరంత గొంతుతో.

వెంకటరత్నం చెయ్యి చాపి, పసుపు మరకలున్న వేళ్ళతో ఏసీ మీట తనే తిప్పేసింది.

ఇంజను గుటక వేసింది. మరుక్షణం మళ్ళీ అదే రుబ్బురోలు చప్పుడు, నున్నగా.